గంజి పెట్టిన లేసు, చేతులున్న దొంగ

విమలకుమారి ఆంటీని మీరు కలిసి తీరాలి. వీలైతే ఈ వారమే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద నుంచి ఎడమకి తిరిగితే మూడో ఇల్లు. బెల్ కొట్టకండి, అది పనిచేయదు. తలుపు తీశాక ఆవిడ మీ మొహం వైపు చూడదు. ముందు మీ చొక్కా అంచు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి, "కుట్టు వదులుగా ఉందమ్మా, రెండు ఉతుకులకి ఊడుద్ది" అంటుంది. "లోపలికి రండి" అనేది ఆ తర్వాతే.

నా పేరు నైనిక. ఆ ఇంట్లో పైగది నాది, అద్దెకి. చదివింది జంతువుల గురించి, చేసేది ఇంట్లో కూర్చుని ఎక్సెల్ షీట్లు నింపడం. ఆంటీ గురించి చెప్పాలంటే మాత్రం నేను ఏ షీటునైనా సగంలో వదిలేస్తాను.

ఆవిడది నరసాపురం దగ్గర ఒక ఊరు. ఆ వైపు ఆడవాళ్ళు ఇంటి అరుగు మీద కూర్చుని, కబుర్లాడుకుంటూ, చేతివైపు చూడకుండానే లేసు అల్లేస్తారు. ఆంటీ ఏడేళ్ళకే సూది పట్టింది. ఇరవై రెండేళ్ళ క్రితం భర్తతో మిషిగన్ వచ్చింది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు కార్ల సీటు కవర్లు కుట్టే ఫ్యాక్టరీలో పని, ఉదయం షిఫ్టు. బెల్టు మీద కవర్లు వస్తుంటాయి. ఆవిడ పక్కావిడతో ముచ్చట్లు చెబుతూనే అరచెయ్యి పోనిస్తుంది. ఎక్కడ ఒక్క కుట్టు తప్పినా చెయ్యి అక్కడ ఆగిపోతుంది.

ఒకసారి కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్, ఈవిడ అసలు కవర్లని చూడడమే లేదని కంప్లైంట్ రాశాడట. ఆంటీ స్కార్ఫ్ తీసి కళ్ళకి కట్టుకుని, ఇరవై కవర్లు తడిమి, మూడింటిని పక్కకి విసిరేసింది. మూడూ చెడిపోయినవే. మర్నాడు అతను డోనట్ల డబ్బాతో వచ్చాడు.

ఇక అసలు సంగతి. ఆవిడ వెళ్ళే తెలుగు చర్చికి ఈ జూన్‌కి ఇరవై ఏళ్ళు. ఇన్నాళ్ళూ రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచింది పార్టీ సామాన్ల షాపులో కొన్న ప్లాస్టిక్ గుడ్డ. దాని మీద కాఫీ కప్పు పెట్టిన గుండ్రటి మరక కూడా ఉంది. అది చూసి చూసి విసిగిపోయి, వార్షికోత్సవానికి బల్లకి లేసు గుడ్డ అల్లి ఇస్తానని ఆంటీ మాటిచ్చింది. లంచ్ బ్రేకుల్లో, డాక్టరు దగ్గర వెయిటింగ్ రూముల్లో, రెడ్ లైటు దగ్గర ఆగిన కార్‌లో కూడా అల్లింది. పదకొండు నెలలు. తొమ్మిది వరసలు, వరసకి ఏడు పువ్వులు. మొత్తం పొడవు ఆరు అడుగులు.

ఆ ఆరు అడుగులన్న మాట చర్చి బులెటిన్‌లో అచ్చేయించిన వారు సుందర్ రాజ్ అంకుల్. చర్చి సెక్రటరీ. ఆంటీ వెనకింట్లోనే ఉంటారు, మధ్యలో నిలువెత్తు కంచె. కార్ల విడిభాగాలు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నడుముకి టేపు మాత్రం రిటైర్ కాలేదు. ఆయనకి లోకంలో ఒకే ఒక్క శత్రువు, రకూన్. పిల్లి కంటే కాస్త పెద్ద జంతువు, కళ్ళ చుట్టూ మాస్కు వేసుకున్నట్టు నల్లటి మచ్చ, తోకకి చారలు. ఆయన చెత్తడబ్బా మూతకి ఇటుక పెడితే ఇటుక దించింది, తాడు కడితే ముడి విప్పింది. పట్టుకుందామని ఇనప బోను కొన్నారు. ఇప్పటిదాకా అందులో పడింది పక్కింటి పిల్లి ఒక్కటే. రెండుసార్లు.

ఆదివారం ప్రతిష్ఠ. గురువారం మధ్యాహ్నం షిఫ్టు నుంచి రాగానే ఆంటీ పెద్ద గిన్నెలో గంజి కాచింది.

"స్టార్చ్ స్ప్రే దొరుకుద్ది కదా ఆంటీ, నేను వెళ్ళి తెస్తా."

"స్ప్రేనా? పెళ్ళికూతురికి సెంటు బదులు దోమల మందు కొట్టమన్నట్టుంది. లేసంటే గంజే పెట్టాలి. అది కూడా సోనామసూరి గంజి."

లేసుని గంజిలో ముంచి, పిండి, ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్, దాని మీద పెద్ద థర్మోకోల్ అట్టలు వేసి పరిచింది. ఒక్కో పువ్వుకీ గుండుసూది గుచ్చి బిగదీసింది. ఎండ బాగుంది. టీ పెట్టుకోవడానికి లోపలికొచ్చింది, ఫోన్ మోగింది, నలభై నిమిషాలు పోయాయి.

"నైనీ! ఒసే నైనీ! కిందికి రావే!"

నేను లాప్‌టాప్ మూయకుండానే పరుగెత్తాను. అట్టలు ఖాళీగా ఉన్నాయి. గుండుసూదులు ఒక పక్కగా, అచ్చం ఎవరో తీసి పెట్టినట్టు ఉన్నాయి. ఆంటీ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఎవడో ఎత్తుకుపోయాడు."

"పక్కనే మాంసం కాల్చే గ్రిల్ ఉంది, నా సైకిల్ ఉంది. అవి వదిలేసి లేసు ఎత్తుకెళ్ళే దొంగ ఎవడు ఆంటీ?"

"లేసు విలువ తెల్సినోడు."

అప్పుడు చూశాను. అట్ట మీద ఆరుతున్న గంజిలో ముద్రలు. చిన్నవి. అయిదేసి వేళ్ళు, పొడుగ్గా, విడివిడిగా. ఆంటీ వంగి చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యబాబోయ్, ఎవరి పసిపిల్లే ఇది?"

నాకు ఆనందం ఆగలేదు. అది ఆనందపడే సమయం కాదని తెలుసు. అయినా ఆగలేదు.

"ఆంటీ! రకూన్!"

ముద్రలు డెక్ మెట్లు దిగి, పక్కన చెక్క జాలీ విరిగిన చోట డెక్ కిందికి వెళ్ళాయి. ఫోన్ లైటు వేసి తొంగిచూశాం. గోడ మూలకి లేసు తెల్లగా కుప్పపడి ఉంది. ఆ కుప్ప మీద నాలుగు పిల్లలు, ఒకదాని మీద ఒకటి. వాటి పక్కనే తల్లి. ఒక లేసు పువ్వుని రెండు చేతుల మధ్య పెట్టుకుని నెమ్మదిగా నలుపుతూ, తడుముతూ, మధ్యమధ్యలో గంజి నాకుతోంది. కళ్ళు మాత్రం మా మీదే ఉన్నాయి. చేతివైపు చూడడమే లేదు.

ఆంటీ మోకాళ్ళ మీద కూర్చుని ఇంకా కిందికి వంగింది. తర్వాత, "ఎలా తడుముతోందో చూడవే. నా సీట్లో కూర్చోబెట్టేయొచ్చు దీన్ని" అంది.

"దాని పేరే అది ఆంటీ!"

ఇక నన్ను ఆపడం ఎవరి తరం? మెట్ల మీద కూర్చుని చెప్పేశాను. నాలుగు వందల ఏళ్ళ క్రితం వర్జీనియాలో దిగిన ఇంగ్లీషువాళ్ళకి ఈ జంతువు పేరేమిటో తెలీదు. వాళ్ళ దేశంలో ఇది లేదు. అక్కడి పౌహటన్ అనే ఆదివాసీ జనం దీన్ని 'అరహ్‌కున్' లాంటి మాటతో పిలిచేవారు. ఇంగ్లీషువాళ్ళు విన్నది విన్నట్టు రాయలేక మనిషికొక స్పెల్లింగ్ రాశారు. అది అరిగి అరిగి రకూన్ అయింది. ఆ మాటకి, చేతులతో రుద్దేది, గీరేది అని అర్థం చెబుతారు. మెక్సికోవాళ్ళు దీన్ని మపాచే అంటారు. అదీ అక్కడి పాత భాష మాటే, అన్నీ చేతుల్లోకి తీసుకునేది అని.

"అన్నీ తీసుకునేదా? ఆ పేరు పెట్టినోడి లేసు కూడా పోయుంటుంది" అంది ఆంటీ.

"జర్మన్లయితే ఉతికే ఎలుగుబంటి అన్నారు. సైన్సు పేరులో కూడా ఉతికేది అనే ఉంది. తిండిని నీళ్ళలో ముంచి రుద్దుతుంది కదా, కడుక్కుంటోంది అనుకున్నారు. కానీ కడగడం కాదట ఆంటీ. చెయ్యి తడిస్తే దానికి స్పర్శ ఇంకా బాగా తెలుస్తుందట. అది చేత్తో చూస్తుంది."

"మరి నేను సీట్లు తడిమేముందు చేతులకి లోషన్ రాసుకునేది ఎందుకనుకున్నావ్?" ఆంటీ తన వేళ్ళ వైపు చూసుకుంది. "ఇక్కడ అందరూ దాని మొహం చూసి మాస్కు దొంగ, మాస్కు దొంగ అంటారు. ఆ పాతోళ్ళు మొహం వదిలేసి చెయ్యి చూశారన్నమాట. బుద్ధిమంతులు."

"మనకి తెలుగులో పేరు లేదు ఆంటీ."

"ఆదివారం దాకా దాని పేరు దొంగమొహమే. నా లేసు నాకొచ్చాక ఆలోచిద్దాం."

తల్లి ఉండగా చెయ్యి పెట్టడానికి లేదు, కరుస్తుంది. సుందర్ రాజ్ అంకుల్‌కి చెప్పడానికీ లేదు. చెబితే అయిదు నిమిషాల్లో బోను వస్తుంది. తల్లి ఒక్కతే అందులో పడితే, పాలు తాగే ఆ నాలుగు పిల్లలూ డెక్ కింద మాడి చచ్చిపోతాయి. అది నేనే ఆంటీకి చెప్పాను. ఆవిడ లేసు వైపు ఒకసారి, పిల్లల వైపు ఒకసారి చూసి, "అయితే ఆయనకి తెలీకూడదు. లేసు మాత్రం రావాలి" అంది.

ఇంటర్నెట్‌లో ఒక ఉపాయం దొరికింది. మనుషుల మాటలు ఆగకుండా వినిపిస్తే రకూన్ చిరాకుపడి ఇల్లు మారుస్తుందట. ఆగకుండా మాట్లాడే మనిషి ఎవరా అని ఇద్దరం ఒకేసారి ఆలోచించి, ఇద్దరం ఒకేసారి నవ్వాం. చర్చి వీడియోల్లో అంకుల్ చేసిన ప్రకటనలు వెతికి, కార్ పార్కింగ్ క్రమశిక్షణ మీద ముప్పై నాలుగు నిమిషాల ప్రకటన ఒకటి పట్టుకున్నాం. స్పీకర్‌ని జాలీ దగ్గర పెట్టి ఆన్ చేశాను.

పన్నెండో నిమిషంలో తల్లి బయటికొచ్చింది. మమ్మల్ని ఒక చూపు చూసి, కంచె వెంట చెట్ల వైపు నడిచి వెళ్ళిపోయింది. పిల్లలు మాత్రం కదల్లేదు. ఇందాక కిచకిచలాడుతున్నవి కూడా నిద్రపోయాయి.

"మన చర్చిలోనూ జరిగేది అదే కదా" అంది ఆంటీ, యోగా మ్యాట్ తెచ్చి గడ్డి మీద పరుస్తూ.

ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పల్చటి గ్లోవ్స్ వేసుకుంది. తోటపని గ్లోవ్స్ వేసుకోమంటే, వాటితో ఏమీ తెలీదంది. బోర్లా పడుకుని, జాలీ సందులోంచి భుజం దాకా చెయ్యి దూర్చింది. తల పెట్టి చూసే చోటు లేదు. మొహం నావైపు తిప్పి, కళ్ళు ఆకాశంలో పెట్టింది.

"వెచ్చగా ఉంది... ఇది తోక. ఇది ముక్కు, తడిగా ఉంది. ఇదిగో నా మొదటి వరస. ఓరి నీ... వేలు పట్టుకుందే!"

"కరుస్తోందా?"

"పట్టుకుంది అంతే. చూస్తోంది నేనెవరో."

మెల్లిగా లాగింది. లోపల నాలుగు గొంతులు ఒక్కసారి లేచాయి. పిల్లల గోళ్ళు లేసు కన్నాల్లో చిక్కుకున్నాయి. ఒకదాని చేతిని విడిపిస్తే ఇంకోటి పట్టుకుంటోంది.

సరిగ్గా అప్పుడే కంచె మీద ఒక తల లేచింది.

"వందనాలు చెల్లెమ్మా! ఏంటి, అలా పడుకున్నారు? వొంట్లో బాలేదా?"

సుందర్ రాజ్ అంకుల్. ఆంటీ చెయ్యి బయటికి తీయలేదు.

"వందనాలు అన్నయ్యగారూ. వొంట్లో బానే ఉందండి. నా వస్తువొకటి లోపలికి పోయింది, తీసుకుంటన్నా."

"నేను రానా?"

"మీ చెయ్యి పట్టదండి."

"ఎవరో నాలాగే మాట్లాడుతున్నట్టుంది?"

"మీరేనండి. మీ ప్రకటన ఇంటున్నాం" అంది ఆంటీ. అంకుల్ మొహం వెలిగిపోయింది. "ఏది, పార్కింగుదా? అది అందరూ వినాలమ్మా. సరే, గుడ్డ ఆరిందా?"

"పరిచే ఉందండి."

"ఆరు అడుగులు! పాస్టరు గారికి కూడా చెప్పాను" అంటూ ఆయన దిగిపోయారు. ఒక్క అబద్ధం లేదు. కావాలంటే మళ్ళీ చదువుకోండి.

ఆంటీ ఇంకోసారి లాగి చూసి ఆగింది. "లాగితే దారం తెగుద్ది. ఒక్కచోట తెగితే పువ్వు పువ్వంతా ఊడుద్ది. వదిలేస్తే ఆదివారానికి ఆ ప్లాస్టిక్ గుడ్డే." నిమిషం సేపు లోపల చెయ్యి మాత్రం కదిలింది. పెదాలు ఏదో లెక్కపెట్టాయి. "నాలుగూ కలిసి మూడు వరసల మీద పడుకున్నాయి. కత్తెర తేవే."

"ఆంటీ! వద్దు!"

"అల్లింది నేను. ఏడుపు నీకెందుకే? తే."

తెచ్చాను. మూడో వరసకీ నాలుగో వరసకీ మధ్య ఏడు పువ్వుల అతుకులు. పువ్వుకి మూడు ముళ్ళు. ఇరవై ఒక్క ముడిని చూడకుండా, వేలి కొసతో వెతికి, ముడి మాత్రమే కత్తిరించాలి. పక్క దారం తగిలిందా, అంతే సంగతులు. ఆవిడ ఒక్కో ముడికీ పైకే లెక్కపెడుతోంది. స్పీకర్‌లో అంకుల్ వికలాంగుల పార్కింగ్ గురించి చెబుతున్నారు.

"పదహారు... పదిహేడు..."

"ఆంటీ, తల్లి వచ్చేసింది."

నిజంగానే వచ్చింది. పది అడుగుల దూరంలో వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు చేతులు రెండూ పొట్ట దగ్గర పెట్టుకుని చూస్తోంది. గుర్రుమంటోంది.

"చెప్పు దానికి, ఇంకో నాలుగు ముళ్ళున్నాయని."

"నాకు భయమేస్తోంది ఆంటీ!"

"నాకూ ఏస్తోంది. అయినా ముడి తప్పితే ఎట్టా? పద్దెనిమిది."

అది రెండడుగులు ముందుకేసింది. నేను మ్యాట్ అంచు పట్టుకుని, అవసరమైతే ఆంటీని మ్యాట్‌తో సహా లాగేద్దామని సిద్ధంగా ఉన్నాను. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి. ఆంటీ లేసు పట్టుకుని దొర్లింది. అచ్చం దొర్లింది, అరవై ఒక్కేళ్ళ మనిషి, గడ్డి మీద రెండు చుట్లు. తల్లి ఒక్క ఉరుకులో లోపలికి దూరింది. తన పిల్లల్ని ఒక్కోదాన్నీ చేతుల్తో తడిమి చూసుకోవడం ఫోన్ లైట్‌లో కనిపించింది. కింద మూడు వరసల లేసు అలాగే ఉంది.

ఆంటీ ఆయాసపడుతూ చేతిలో ఉన్నది లెక్కపెట్టుకుంది. ఆరు వరసలు. నాలుగు అడుగులు.

ఆ రాత్రి లేసుని మరిగే నీళ్ళలో మూడుసార్లు వేసింది. శుక్రవారం, శనివారం కూర్చుని కోసిన వైపు కొత్త అంచు అల్లింది. ఎక్కడ కోసిందో నేను కళ్ళతో కనిపెట్టలేకపోయాను. గంజి మళ్ళీ పెట్టింది. ఈసారి బాత్రూంలో, తలుపేసి.

ఆదివారం బల్ల మీద పరిచారు. ఆరడుగుల బల్ల మధ్యలో నాలుగడుగుల లేసు. రెండు పక్కలా అడుగేసి చెక్క కనిపిస్తోంది. కానీ దాని మీద కిటికీ వెలుగు పడగానే, చర్చిలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒకేసారి ముందుకొంగారు. పాస్టరు గారు ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు. ఆంటీ కళ్ళు మూసుకుని, వేళ్ళతో అంచు పట్టుకుని నిలబడింది. ఇంతదాకా వచ్చింది, చాలు అనుకున్నాను.

ఆరాధన అయ్యాక టేపు బయటికొచ్చింది.

"చెల్లెమ్మా, ఇది నాలుగు అడుగులే ఉంది."

"ఉన్నంత ఉందండి అన్నయ్యగారూ."

"బులెటిన్‌లో ఆరు వేశాం."

"అల్లింది ఆరేనండి."

"మరి రెండడుగులు ఏమైనట్టు?"

ఆంటీ ఒక్క క్షణం నావైపు చూసింది. ఆవిడకి అబద్ధం రాదు. నిజాన్ని మాత్రం ఎంత కావాలంటే అంతే కోసి ఇస్తుంది.

"ఒక తల్లికి ఇచ్చానండి. నలుగురు పసివాళ్ళు. కింద పరుచుకోడానికి ఏమీ లేదు."

అంకుల్ చేతిలో టేపు జర్రున చుట్టుకుపోయింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రభువు బల్లకి అల్లిన దాంట్లోంచా?" అన్నారు. ఆంటీ వద్దనేలోపు ఆయన మైకు దగ్గరున్నారు.

"ప్రియులారా, దయచేసి కూర్చోండి. ఒక చిన్న ప్రకటన. మన సిస్టర్ విమలకుమారి గారు..."

అంతా చెప్పేశారు. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. ఒకావిడ తన మనవడి ఉయ్యాల ఇస్తానంది. ఇంకొకాయన దుప్పట్లు తెస్తానన్నారు. వంటగదిలోంచి అప్పటికే ఒక ట్రే నిండా బిర్యానీ, నాలుగు చిన్న డబ్బాల్లో పెరుగన్నం వచ్చేశాయి. పిల్లలు కారం తినరు కదా అని ఎవరో ఆలోచించారట.

ఆంటీ బల్ల దగ్గరే నిలబడి, తల దించుకుని, లేసు మీద లేని మడతలు సర్దుతోంది. ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక కాబోలు, అంకుల్ బిర్యానీ ట్రే పట్టుకుని సరాసరి నా దగ్గరికే వచ్చారు. ఆయన వెనక సగం చర్చి ఉంది.

"అమ్మా నైనికా, నువ్వూ ఆ ఇంట్లోనే ఉంటావు కదా, నీకు తెలిసే ఉంటుంది. ఆ తల్లీ పిల్లలూ ఎక్కడుంటారో చెప్పు. ఇప్పుడే, నా కార్‌లోనే వెళ్దాం. నేనే స్వయంగా ఇస్తాను."

ఎక్కడో చెబితే, ఆయన ఇంటికి కంచె అవతలే, ఇంకా మా డెక్ కిందే. బిర్యానీ ఇచ్చి వచ్చే మనిషో, బోను తెచ్చే మనిషో నాకు తెలీదు. చెప్పకపోతే, కళ్ళ నీళ్ళతో నిలబడ్డ అరవై మంది మొహం మీద అబద్ధం చెప్పాలి, అదీ చర్చిలో. ట్రేలోంచి ఆవిరి లేస్తోంది. నిజాన్ని కోసి ఇచ్చే కత్తెర నా దగ్గర లేదు. అంకుల్ నా నోటి వైపే చూస్తున్నారు.

మీరైతే ఏం చేసేవారు?